తాళం తీసేసిన మెమరీ

సైనిక్‌పురిలో ఒక రిటైర్డ్ మిలిటరీ ఆఫీసరుగారి మేడ మీద ఉండేది మా కంపెనీ. ఊరంతా సాఫ్ట్‌వేర్ మోజులో ఉన్న రోజులు. మా కుటుంబం విజయనగరం నుంచి వచ్చిన కొత్తలో నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది. కోల్డ్ స్టోరేజీల్లో చలి ఎంతుందో చూపించే పెట్టెలు తయారుచేసేవాళ్లం.

ఆ పెట్టెలో కరెంటు పోయినా చెరిగిపోని చిన్న మెమరీ ఉండేది. సెన్సరు ఎంత తేడా చూపిస్తుందో, దాన్ని ఎలా సరిచెయ్యాలో చెప్పే అంకెలన్నీ అందులోనే. ఒక్కో సెన్సర్నీ ఐసునీళ్లలో, వేణ్నీళ్లలో ముంచి, చేతులు తిమ్మిరెక్కేదాకా కూర్చుని ఆ అంకెలు తేల్చింది నేనూ, మా సీనియరూ. ఆయనది లాలాగూడ. నేను అన్నా అని పిలిచేదాన్ని.

ఏ ప్రోగ్రామైనా యంత్రాన్ని ముట్టుకోవాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కెర్నెల్‌ని అడగాల్సిందే. ఆ కెర్నెల్‌లో ఈ మెమరీకి దారి వేసింది అన్నే. ఎవరైనా చదువుకోవచ్చు. రాయడం మాత్రం మా ప్రోగ్రాం ఒక్కటే, అదీ తాళం వేసుకుని రాయాలి. అది ముగించేదాకా ఇంకెవరికీ సందు లేదు.

"మామూలు మెమరీ ఖరాబైతే ఏం గాదు, బంద్ చేసి మళ్ల షురూ చేస్తే బాగైతది. ఇది గట్ల కాదు. దీంట్ల తప్పు పడ్డదనుకో, ఆ తప్పే ఉండిపోతది," అనేవాడు.

సరుకు పంపే వారం మేనేజరు వచ్చాడు. పెట్టెలు కొంటున్న కంపెనీ ప్రోగ్రాం కూడా ఆ మెమరీలో రాసుకోవాలట. తాళం దగ్గర ఆగడం వల్ల వాళ్ల పని నెమ్మదిస్తోందట.

"ఆ తాళం తీసెయ్యి."

"వాళ్లకు సుత రాసే పర్మిషన్ ఇస్తా సార్. తాళం మాత్రం ఉండనియ్యుండ్రి. రెండు ప్రోగ్రాములు ఒక్కపాలి రాస్తే అంకెలు కలిసిపోతయ్."

"ఆర్డర్ పోతే జీతాలు నువ్విస్తావా?"

"నా చేతులతోని నేను తియ్య సార్."

మేనేజరు ఇంకొకతనితో తీయించాడు. సాయంత్రం బస్టాపుదాకా అన్నా నేనూ కలిసే నడిచాం.

ఎండలు ముదిరాక ఫోన్లు మొదలయ్యాయి. సగం ఒక ప్రోగ్రాం రాసిందీ, సగం ఇంకోటి రాసిందీ కలిసి, పెట్టెలు నోటికొచ్చిన అంకెలు చూపిస్తున్నాయి. సెన్సర్లు అప్పటికే గోడల్లో బిగించేశారు, మళ్లీ నీళ్లలో ముంచి చూసే వీల్లేదు. మేం తేల్చిన అంకెల నకలు తీసిపెట్టుకోవడానికి మాకు టైమివ్వలేదు. పోయినవి పోయినట్టే.

ఒకరోజు కోల్డ్ స్టోరేజీలో కాయలు దాచుకున్న బత్తాయి రైతు ఒకాయన మేడమెట్లెక్కి వచ్చాడు. కుళ్లిన కాయ ఒకటి అన్న టేబుల్ మీద పెట్టాడు.

"లోపల చల్లగనే ఉన్నదని మీ డబ్బ చెప్పవట్టె. మేం నమ్మితిమి," అన్నాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో.

నేను వద్దన్నాను, వినలేదు అని అన్న చెప్పొచ్చు. చెప్పలేదు. ఆయనకి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, పక్కన నిలబడ్డాడు. ఆయన ఆ నీళ్లు తాగకుండానే వెళ్లిపోయాడు.

మీటింగులో మేనేజరు అడిగాడు, "కెర్నెల్‌లో ఆ మెమరీకి దారి వేసిందెవరు?"

"తాళం తీయించింది మీరు కదా సార్," అన్నాను నేను. తాళం తీసినతను కిటికీవైపు చూస్తున్నాడు. మిగతావాళ్లెవరూ తలెత్తలేదు. అన్నని ఆ మధ్యాహ్నమే పంపేశారు. తర్వాత కంపెనీ కూడా మూతపడింది.

చాన్నాళ్లకి మోండా మార్కెట్లో, ఒక స్టీలు సామాన్ల కొట్లో అన్న కనిపించాడు. గడ్డం నెరిసింది. అది బావగారి కొట్టట, రోజూ అక్కడే కూర్చుంటున్నాడట.

"మళ్లీ ఎక్కడా చేరలేదా అన్నా? నీలాంటివాళ్ల కోసం వెతుకుతున్నారు."

"రెండు జాగల పిలిచిండ్రు. పోయిన. కంప్యూటర్ ముంగట కూసున్న. చేతులు ఆడలే," అన్నాడు. "మంచిగ రాసినా ఎవడో తీసేస్తడు. ఇగ ఎందుకు రాయాలె?"

మా అమ్మ ఆరోగ్యం అడిగాడు. బాగానే ఉందన్నాను. ఇంతలో కొట్లో ఎవరో గిన్నెల ధర అడిగితే, అటు తిరిగాడు.