కంప్యూటరు మీద నిఘా

ఇంగ్లండులోని లీసెస్టర్‌లో ఉండే మంగతాయారు గారికి ఆన్‌లైన్ పోకరంటే ప్రాణం, ముక్కలు పంచే కంప్యూటరంటే అనుమానం. కలిపే చెయ్యి కనపడని పేకను ఎలా నమ్మడం? అందుకే ఆసులు పడగానే తెర మీద కొంగు కప్పి, "ఛీ, చెత్త ముక్కలు!" అని దానికి వినపడేలా నిట్టూరుస్తుంది. ఓడితే దాని మోసం, గెలిస్తే తన తెలివి. మూడు నెలలుగా అందని పోకర్ పోటీ ఫైనల్ ఆ శనివారం ఒక్క మెట్టు దూరంలోకి వచ్చింది. పక్క ఫ్లాట్ నర్సు దేవమణి కూడా ఆ పోటీలో తన టేబుల్లోనే పడిందని తెలియగానే ఆవిడ ఫోనందుకుంది.

"నీకేం పడ్డాయే?"

"రెండు రాజులు ఆంటీ. ఇలా చెప్పుకోవచ్చా?"

"మనం దాని దొంగతనం పట్టుకోవడానికే కదే!"

పట్టుకునే పనిలో ఒకరికొకరు సాయపడుతూ నాలుగు ఆటలు గెలిచారు. అయిదో ఆటలో తెర మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి: కూడబలుక్కుని ఆడుతున్నందుకు ఇద్దరినీ తీసేశామని.

"ఫైనల్ పోయింది ఆంటీ!" అని దేవమణి ఏడుపు గొంతు పెట్టింది.

మంగతాయారు కళ్లజోడు తుడుచుకుని ఆ అక్షరాలు మళ్లీ చదివింది.

"ఇన్నాళ్లూ పాపం దీన్ని ఆడిపోసుకున్నానే. ఆటలో దొంగ ఉందన్న మాట మాత్రం నిజమే, అది నేనేనట!"