మాస్టారి పెట్టెకు పెట్టిన బొట్లు

మా గిటార్ సార్ భద్రాచలం దవాఖానాలో పోయారన్న కబురు ఆర్కెస్ట్రా వాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కింద వరసగా దండాల బొమ్మలు. అందరికన్నా ముందు 'లెజెండ్' అని రాసింది కీబోర్డు అన్న. పోయిన వేసవిలో పెనుబల్లి పెళ్లిలో సార్‌ని స్టేజీ దింపింది కూడా ఆయనే. "ఆ డబ్బా వేడెక్కేసరికి పెండ్లికొడుక్కి పిల్లలు పుడ్తరు సార్" అంటే అందరూ నవ్వారు. గిటార్ కేసు పట్టుకుని పక్కన నిలబడ్డ నేనూ నవ్వాను.

ఆ డబ్బా పాతకాలపు ప్రీయాంప్. గిటార్ నాదాన్ని స్పీకర్లకు చేరేముందు మలిచే యంత్రం. చట్రంలో అడ్డంగా బిగించే వెడల్పాటి ఇనుప పెట్టె, లోపల బల్బుల్లా వేడెక్కి వెలిగే గాజు వాల్వులు, ముందు వరసగా తిప్పే నాబులు. స్విచ్చి వేశాక పది నిమిషాలు సార్ ఎవర్నీ ముట్టనిచ్చేవారు కాదు. "ఉడకనీ బిడ్డా. పలుకు మీద దించితే నీ కడుపే నొస్తది."

మీరు వినలేదు కాబట్టి చెప్తున్నాను. ఇప్పటి వాళ్ల ఫోన్లలో గిటార్ టోన్లకు లెక్కలేదు. పేర్లే వేరు, అన్నీ గొంతులో ఈగ పడ్డట్టే ఉంటాయి. సార్ పెట్టెకి ఉన్నవి మూడే చానళ్లు, మూడు గొంతులన్నట్టు. మొదటిది ఎండిన తునికాకు మీద చినుకులా విడివిడిగా పలికేది. కారేపల్లి చర్చిలో కీర్తనలకు అదే. రెండోది మెత్తగా మీటితే మాట, గట్టిగా మీటితే గద్దింపు. మూడోది ఒక్క స్వరాన్ని పట్టుకుని వదలకుండా ఏడ్చేది. చర్లలో నిమజ్జనం నాడు దానికోసం డీజే వాళ్లు తమ మోత ఆపుకున్నారు. అదే మూడోదాన్ని గిటార్ వాల్యూమ్ కాస్త తగ్గించి పసిపిల్లలా గుసగుసలాడించేవారు సార్.

ఇంజనీరింగ్ మొదటేడు సెలవుల్లో ఆయన దగ్గర చేరాను. నాకు దక్కిన తొలి మెప్పు ఇది: "ఏంది పిల్లా, తీగెల మీద బట్టలు ఆరేస్తున్నవా?" నాబుల ఫొటో తీసుకోబోతే ఫోను లాక్కున్నారు. "ఇయ్యాల కరెంటు వేరు, గాలి వేరు. చెవి పెట్టి తిప్పుకో." పిసినారి అనుకున్నాను.

పెద్దకర్మ నాడు ఆయన ఫొటో పక్కన పెట్టె పెట్టారు. దసరా ఆయుధపూజకు పెట్టినట్టు ప్రతి నాబుకూ పసుపు, కుంకుమ. బొట్లన్నీ ఒక్క వరసలో రావాలని నాబులన్నిటినీ నిటారుగా తిప్పేశారు. సార్ చివరిసారి కూర్చుకున్న నాదం అలా పోయింది.

"ఎవరు తిప్పిండ్రు?"

"నేనే చెల్లె. చక్కగ కనవడాలె కద" అన్నాడు కీబోర్డు అన్న. "మా ఆర్కెస్ట్రా ఆఫీసుల షోకేస్‌ల పెడ్తం, దండేసి."

"బతికినన్ని రోజులు స్టేజీ మీద జాగ లేదు, సచ్చినంక షోకేసా?"

"సదువుకున్నదానివి, జర మర్యాద నేర్చుకో. అయినా అది మోగుతదా అసలు?"

సార్ భార్య వంటల దగ్గర్నుంచి వచ్చారు. ఆమెను నేను అమ్మా అనే పిలుస్తాను. "మోగిస్తవా బిడ్డా? మోగితే నువ్వే తీస్కపో. లేకుంటే ఆళ్లకే ఇచ్చేస్త" అన్నారు.

సార్ గిటార్‌నీ స్పీకర్‌నీ పెట్టెకు తగిలించి, స్విచ్చి వేసి, అది వేడెక్కేదాకా కూర్చున్నాను. కీబోర్డు అన్న రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. విస్తళ్లు వేయగానే సంతాపం తెలపడానికి వచ్చినవాళ్లలో సగంమంది లేచిపోయారు. కుంకుమ వేళ్లకు అంటుతుండగా ఒక్కో నాబూ తిప్పాను. మొదట రేకుడబ్బా మోత. బేస్ తగ్గిస్తే ముక్కుతో మాట్లాడింది. మధ్య నాబు కొంచెం పెంచి, గిటార్ వాల్యూమ్ దించి, మెత్తగా మీటాను. ఆయన నాదం కాదది. దానికి కాస్త ఇవతల ఆగింది. కానీ ప్రతి తీగా విడివిడిగా పలికింది.

"అవ్, మోగుతది" అని కీబోర్డు అన్న భోజనాల వైపు నడిచాడు, పప్పు చల్లారుతుందని కాబోలు.

ఇన్నేళ్లూ ఆ పెట్టెను ఇనుప గాడిద అని తిట్టిన అమ్మ దగ్గరికొచ్చి, దాని పైరేకు మీద అరచెయ్యి ఆనించారు.

"వేడిగున్నది" అన్నారు.

నేను మీటుతూనే ఉన్నాను. ఆమె చెయ్యి తీయలేదు.