గోళ్ళరంగు గుర్తులు

మా నాన్న మెట్‌పల్లి మార్కెట్లో పసుపు కొనేవాడు. ఆయన తర్వాత నేను కొంటున్నాను. బస్తా మూతి విప్పగానే పైన కనిపించే కొమ్ముల్ని మేం చూడం. అడుగుదాకా చెయ్యి పోనిచ్చి ఒక కొమ్ము తీసి, విరిచి, లోపలి రంగు చూస్తాం. ఈ అలవాటును మార్కెట్లోనే వదిలి ఇంటికొచ్చే మనిషిని కాను నేను. పాలవాడి క్యాను, డాక్టరు రాసిన చీటీ, పక్కింటివాళ్ళ పలకరింపు, అన్నిటినీ విరిచి చూస్తాను. "నీ నీడను గూడ నమ్మవు నువ్వు" అంటుంది మా ఆవిడ. పొద్దున ఉన్నంత పొడుగు మధ్యాహ్నం ఉండదు కదా, ఎట్లా నమ్మాలి అంటాను.

అలాంటి నేను పోయి పోయి ఒక పాత అమెరికా కారు కొన్నాను. సిరిసిల్లలో ఒకాయన తన సాంచాల షెడ్డు మూసేస్తుంటే, మరమగ్గాల వెనక మూలన దొరికింది. రెండే తలుపులు, మంచమంత బానెట్టు, దాని కింద ఎనిమిది సిలిండర్ల ఇంజను, ఎడమవైపు స్టీరింగు. ఏళ్ళ తరబడి రాలిన నూలు దుమ్ము దానిమీద దుప్పటిలా పేరుకుపోయింది. ఎవరో విదేశీ ఇంజనీరు వదిలిపెట్టి పోయాడని షెడ్డాయన చెప్పాడు. నేను నమ్మలేదు. కాగితంలోని ఇంజను నంబరును మూడుసార్లు పోల్చుకున్నాను. జేబులోంచి అయస్కాంతం తీసి కారు ఒళ్ళంతా తిప్పాను. అది అతుక్కోకుండా జారితే అక్కడ రేకు లేదని, తుప్పు కంతకు లప్పం పూశారని అర్థం. ఒక తలుపు అంచున తప్ప ఎక్కడా జారలేదు. ఇంత మంచి సరుకు నాకెందుకు అమ్ముతున్నాడా అని దారి పొడుగునా అనుమానపడుతూనే కోరుట్లకు తెచ్చి ఇంటి పక్క రేకుల కొట్టంలో పెట్టించాను.

దాన్ని బాగుచేయడానికి జగిత్యాల నుంచి ఒక ఉస్తాద్ దొరికాడు. వాళ్ళ నాన్న కల్లు గీయడానికి తాళ్ళు ఎక్కేవాడట. ఇతను మాత్రం పాతికేళ్ళు దుబాయిలో, అరబ్బుల అమెరికా కార్లు బాగుచేసే గ్యారేజీలో పనిచేసి వచ్చాడు. నాకంటే పెద్దవాడు. మోకాళ్ళు నొప్పి, కింద కూర్చుంటే ఏదో ఒకటి పట్టుకునే లేవాలి. కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"సేటూ, నాకు కూలి పెద్దగొద్దు. బండిని లేపి ఇస్త. జగిత్యాల్ల షెడ్డు కిరాయికి తీస్కున్న. గీ బండి ఒక్కపారి రోడ్డుమీద తిరిగితె నాకు గదే బోర్డు. మళ్ళ గా దుబాయి ఎండలకు పోవుడు నాతోని గాదు" అన్నాడు.

తక్కువ అడిగేవాడంటే నాకు ముందునుంచీ గుబులు. ఎక్కడో ఒకచోట లాగుతాడు. అతను సామాన్లు విప్పుతుంటే నేను కుర్చీ వేసుకుని కూర్చునేవాడిని. చాయ్ ఇవ్వడానికి వచ్చినట్టే వచ్చి నట్లు చూసేవాడిని. అతను వంగితే నేనూ వంగేవాడిని. ఒరిజినల్ సామాను తీసుకుని పాతబజారు సామాను పెట్టే మేస్త్రీల కథలు నేను చాలా విన్నాను. విననివి కూడా ఊహించుకున్నాను.

కార్బురేటరు, స్టార్టరు, వాటర్ పంపు, హారను లాంటి పన్నెండు సామాన్లను కడగడానికి జగిత్యాల తీసుకుపోతానన్నాడు. గాలి కొట్టే మిషను షెడ్డులోనే ఉందట. సరేనన్నాను. అతను భోజనానికి కూర్చోగానే మా ఆవిడది ఎర్ర గోళ్ళరంగు సీసా తెచ్చి, ఒక్కో సామాను అడుగున ఎవరికీ కనిపించనిచోట చిన్న చుక్క పెట్టాను. "సిగ్గులేదా? గిప్పుడే గాయనకు అన్నం పెట్టి అచ్చిన" అంది ఆవిడ. సీసా మూత బిగించి ఇచ్చేశాను.

నాలుగోరోజు రెండు గోనెసంచుల్లో సామాన్లు బస్సులో తిరిగొచ్చాయి. కొత్తవాటిలా మెరుస్తున్నాయి. అతను కాళ్ళు కడుక్కోవడానికి పోగానే ఒక్కొక్కటే తిరగేశాను. ఎర్ర చుక్క లేదు. పన్నెండింటిలో ఒక్కదానికీ లేదు. నా చెవులు వేడెక్కాయి. పట్టుకున్నాననే సంతోషం కూడా కలిగింది, అబద్ధమెందుకు.

"నా సామానేది?" అన్నాను.

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "గివే సేటూ. ఇంకోపారి మంచిగ జూడుండ్రి."

"చూసిన. గుర్తులు పెట్టిన నేను."

"ఎరుకే. అందుకే మంచిగ జూడుండ్రి అంటున్న."

దొంగ కూడా ఇంతే నిబ్బరంగా మాట్లాడతాడనుకున్నాను. నోటికొచ్చింది అనేశాను. అతను స్పానర్లు సంచిలో వేసుకుని, గోడ పట్టుకుని లేచి, వెళ్ళిపోయాడు. ఆ వారం మెట్‌పల్లిలో ఇద్దరికి ఈ సంగతి చెప్పాను. మార్కెట్లో ఇద్దరికి చెబితే ఇరవై ఊళ్ళకు చెప్పినట్టే. కథలాపూర్ నుంచి ఒకతను పాత జీపు అతనికే ఇవ్వాలనుకుని, నా మాట విని మానుకున్నాడు. నాకు ఫోన్ చేసి, సమయానికి చెప్పావని మెచ్చుకున్నాడు కూడా.

మూడు నెలలు కొట్టం తాళం తీయలేదు. చివరికి కోరుట్లలోనే ఇంకో మెకానిక్కును పిలిచి సామాన్లు బిగించమన్నాను. అతను వాటర్ పంపును వెలుతురుకు పట్టి, "సేటూ, గీ పోట్లు ఎవలు గొట్టిండ్రు? శానా వాటికి ఉన్నయేంది?" అన్నాడు.

తీసుకుని చూశాను. ఉక్కు పంచి మొనతో కొట్టిన గుంటచుక్క, నువ్వుగింజంత. సరిగ్గా నేను రంగు పెట్టిన చోటే. స్టార్టరు తిప్పాను, అక్కడా ఉంది. కార్బురేటరు మూత అడుగునా ఉంది. సంచి అడుగున థిన్నర్ వాసన ఇంకా లీలగా ఉంది. పసుపు కొమ్ముల్ని డ్రమ్ములో వేసి తిప్పితే పొట్టు ఊడిపోతుందని నాకు తెలుసు. థిన్నర్‌లో గోళ్ళరంగు కరిగిపోతుందని మాత్రం తట్టలేదు. ఎరుపు కోసమే వెతికాను కాబట్టి, కళ్ళముందున్న చుక్క కనబడలేదు. నామీద నాకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం బస్సెక్కి జగిత్యాల వెళ్ళాను. షెడ్డుకు వేరేవాళ్ళ బోర్డు ఉంది. పక్క దుకాణంవాళ్ళు ఒక నంబరిచ్చారు. అది దుబాయి నంబరు.

"తప్పయింది ఉస్తాద్" అన్నాను ఫోన్లో.

వెనక ఏదో మిషను చప్పుడు. "థిన్నర్ల ఏసేటప్పుడే ఎర్ర రంగు జూసిన సేటూ. మనసుకు జెర కష్టమైంది. రంగు పోతే సేటు ఎతుక్కుంటడు గదా అని అదే జాగల పోటు గొట్టిన" అన్నాడు. తర్వాత, "బండి లేసిందా?" అని అడిగాడు.

"లేస్తుంది. పదకొండు చుక్కలు దొరికినయి."

"పన్నెండోది హారన్ అడుగున ఉన్నది. గాడ రేకు పల్సగున్నదని మెల్లగ గొట్టిన. జెర సన్నగ గనవడ్తది."

హారనుకు రెండే బోల్టులు. విప్పడానికి నిమిషం పట్టదు. ఇప్పుడు ఆ కారు తిరుగుతోంది, ఎవరు బాగుచేశారని అందరూ అడుగుతారు, ఆయన పేరే చెబుతాను. ఆ బోల్టులు మాత్రం ఇప్పటికీ విప్పి చూడలేదు.