ముంజేతి మీది వాత

ఇన్నేళ్లూ ఈ ముంజేతి మచ్చను చొక్కా చేతి కింద దాచుకుని తిరిగాను. బరువు మచ్చది కాదు, దాని గురించి నేనాడిన అబద్ధానిది. నేనెవరో మీకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

మండపేటలో రైసుమిల్లు మేస్త్రీగా పనిచేశాను. బడి మొహం చూడలేదు. బస్తాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. తొంభైల్లో రాజమండ్రిలోని ఒక రక్తదాన కేంద్రంతో పోట్లాడిన వాణ్ణి నేను. ఉతకని దుప్పటి మీద మనిషిని పడుకోబెడతారా అన్నాను. కరెంటు పోతే రక్తం దాచిన ఫ్రిజ్ గతేంటని గుమ్మంలో నిలబడి అరిచాను. జనరేటర్ వచ్చింది. అందుకు ఈ రోజుకీ గర్వమే.

రక్తమిస్తే బస్తా ఎత్తలేమని భయపడే మా కూలీలను ఒప్పించి, లారీ ఎక్కించి అక్కడికి తీసుకెళ్లిందీ నేనే. ముందు నేనిస్తాను, చూసి మీరివ్వండి అన్నాను.

అంతకుముందు వానాకాలంలో నాకు పచ్చకామెర్లు వచ్చాయి. మావాళ్లందరూ చేసినట్టే, కోరుకొండ దగ్గర ఒకాయన చేత ముంజేతి మీద వాత పెట్టించుకున్నాను. కళ్లు తెల్లబడ్డాయి. కానీ ఆ జబ్బు రక్తంలో దాగి ఉండొచ్చనీ, ఎక్కించుకున్న వాళ్లకు అంటుకోవచ్చనీ నాకు తెలుసు. కేంద్రం వాళ్లిచ్చిన కాగితంలో చదివాను. నలుగురికీ చదివి వినిపించాను కూడా.

ఆ రోజు కేంద్రంలో నా చేతికి పట్టీ కట్టబోతూ నర్సమ్మ ఆగింది.

"ఈ మచ్చేంటి బాబాయ్ గారూ? కామెర్లకి వాతెట్టించుకున్నారాండీ?"

వెనక మావాళ్లంతా చూస్తున్నారు.

"బాయిలర్ గొట్టం తగిలిందమ్మా."

నా తర్వాత సూరిబాబు, మా ముఠాలో అందరికన్నా బలమైన కూలీ. వాడి చేతి మీదా అదే చోట అదే మచ్చ. "నాకూ బాయిలరేనండి" అన్నాడు నా వంక చూసి నవ్వుతూ. వాడి వెనక ఇంకొకడూ అదే మాట.

"మీ మిల్లు బాయిలర్‌కి ముంజేతులంటే అంత మోజేంటండీ?" అంది ఆవిడ. కళ్లు మాత్రం నవ్వలేదు.

అప్పుడు అరిచాను. "కూలి మానుకుని రక్తమివ్వడానికొచ్చారు వీళ్లు. దొంగల్లా నిలదీస్తావేంటి?"

కేంద్రాన్ని గడగడలాడించిన మనిషిని కదా. ఆవిడ తల వంచుకుని సూది అందుకుంది.

ఎందుకలా అన్నాను? నన్ను వెనక్కి పంపితే వాళ్లంతా లారీ ఎక్కేస్తారనా? కాదు. మేస్త్రీ రక్తం పనికిరాదట అన్న మాట మిల్లులో పుట్టకూడదని. దుప్పటి కోసం అరిచిన ఈ నోటితోనే, తన పని సరిగ్గా చేస్తున్న ఒక మనిషి నోరు మూయించాను. పరీక్షలు చేస్తారులే అనుకున్నాను. ఆ పరీక్షల్లో అన్ని జబ్బులూ బయటపడతాయా? ప్రతిదీ నిలదీసే నేను అదొక్కటీ అడగలేదు.

ఆ రక్తం ఎవరి ఒంట్లోకి వెళ్లిందో. కాన్పుకొచ్చిన ఏ తల్లికో, లారీ గుద్దిన ఏ బిడ్డకో. బాగున్నారో లేదో నాకిక తెలిసే దారి లేదు.

వయసు మీరిందని సాకు చెప్పి నేను మళ్లీ చెయ్యి చాచలేదు. మనుషుల్ని తెచ్చినందుకు కేంద్రం వాళ్లు శాలువా కప్పితే మాత్రం కప్పించుకున్నాను. మావాళ్లు ఏటా వెళ్లారు. బాయిలర్ మాట వాళ్లకి అలవాటైపోయింది. నేర్పిన వాణ్ణి, నేను ఆపలేదు.

క్షమించమని ఎవరినడగను? ఆ నర్సమ్మ అడిగినదానికి జవాబైనా చెప్పి ఊపిరి పీల్చుకుంటాను.

అవునమ్మా, వాతే. కామెర్లకే. నాకూ, సూరిబాబుకీ, వాడి వెనకున్న వాడికీ.