ఏసురాజు పెట్రోల్ రంపం

రామచంద్రపురం చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి దొడ్లో చెట్టు పడిపోయినా, పడేలా ఉన్నా ముందు ఏసురాజుకే ఫోన్ వెళ్తుంది. యాభై దాటిన మనిషి, సన్నటి ఒళ్లు, బారెడు చేతులు. పదకొండేళ్ల క్రితం ఒక తుఫాను వెళ్లిపోయాక, తోటల్లో ఎక్కడ చూసినా పడిన చెట్లే ఉన్న రోజుల్లో పెట్రోల్ రంపం కొన్నాడు. అంతవరకూ ఆయనా, తాడు కట్టే అప్పాజీ చెరో కొసా పట్టుకుని లాగే పెద్ద రంపంతోనే కోసేవారు. కౌగిలికి అందని నిద్రగన్నేరు మానును పడగొట్టాలంటే పొద్దుట మొదలుపెడితే భోజనాల వేళ దాటిపోయేది. పెట్రోల్ రంపం అదే మానును పది నిమిషాల్లో కోసేసింది. మొదటి రోజు ఆ కోత చూసి అప్పాజీ తన భుజాలు తడుముకుంటూ, "ఇన్నేళ్లూ ఊరికే అరగదీసుకున్నాం బావా వీటిని" అన్నాడు.

ఏసురాజుకు రంపం బలం కంటే దాని నమ్మకం ఎక్కువ నచ్చింది. ఇంజను అంటుకోవడానికి దాని తాడు రెండుసార్లు లాగితే చాలు, మూడోసారి లాగాల్సిన పని ఉండేది కాదు. వానలో తడిసినా, ఎండలో మాడినా అంతే. ఆయన కూడా దాన్ని అలాగే చూసుకునేవాడు. పెట్రోల్లో ఆయిలు తన చేత్తోనే కొలిచి కలిపేవాడు. ఇంటికి రాగానే ఫిల్టర్లోని పొట్టు దులిపి, గొలుసు పళ్లు ఒక్కొక్కటే ఆకురాయితో పదును పెట్టేవాడు. "ముందు నీ ఒళ్లు కడుక్కోవయ్యా, దాని ఒళ్లు తర్వాత తుడుద్దువు గాని" అని భార్య ఏసమ్మ విసుక్కునేది.

అంత మోతను పదకొండేళ్లు పక్కన పెట్టుకున్న మనిషి చెవులు ఏమవుతాయో ఊళ్లో ఎవరూ ఆలోచించలేదు. ఏసురాజు ఆలోచించాడు గాని పైకి అనలేదు. చర్చిలో వెనక కూర్చునేవాడల్లా ముందు వరసకు మారాడు, పాస్టరుగారి పెదాలు కనబడితే మాట అందేది. పాట ఎత్తుకోవడంలో అందరికంటే ఒక అక్షరం వెనకబడేవాడు. ఎవరేం అడిగినా నవ్వి "ఆయ్, అలాగేనండి" అనేసేవాడు. ఒకసారి ఫోన్లో ద్రాక్షారామం రమ్మంటే ఆయనకు రామచంద్రపురం అని వినబడింది. బస్టాండు దగ్గర రంపం పట్టుకుని గంటన్నర నిలబడి, సిగ్నల్ సరిగా లేదని చెప్పుకున్నాడు.

పోయిన వేసవిలో రెండో పంట దాళ్వా కోతలయ్యాక రైతు తాతాజీగారు కబురు పెట్టారు. ఆయన కొబ్బరితోట చివర బోదె కాలువ గట్టు మీద పాత నిద్రగన్నేరు ఒకటి పశువుల పాక వైపు ఒరిగింది. వానలు పడేలోగా తీసెయ్యాలి. అప్పాజీ పైకొమ్మకు తాడు కట్టి, పంట కోసేసి ఖాళీగా ఉన్న చేలో ఇద్దరు మనుషుల్ని పెట్టి బిగించాడు. పాక వైపు కాకుండా చేలోకి పడాలి చెట్టు. ఏసురాజు చెట్టు పడే వైపు గాటు తీసి, వెనక్కి వచ్చి అసలు కోత మొదలుపెట్టాడు. రంపం పొట్టును ధారలా చిమ్ముతోంది.

సరిగ్గా అప్పుడు తాతాజీగారి భార్య శ్యామలాంబకు చేలో కట్టేసిన పెయ్యదూడ గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పకుండా బోదె దాటి, చెట్టు పడే దారిలోకి నడుచుకుంటూ వెళ్లి, దూడ పలుపు విప్పడానికి వంగింది.

"ఆపు బావా! ఆపు!" అప్పాజీ గొంతు చించుకున్నాడు. తాడు పట్టుకున్నవాళ్లూ అరిచారు. ఏసురాజు కోస్తూనే ఉన్నాడు. ఆయన చూపంతా రంపం దిగుతున్న చోటే ఉంది.

భోజనం క్యారేజీ తెచ్చి గట్టు మీద కూర్చున్న ఏసమ్మ లేచి పరిగెత్తింది. రంపం నడుపుతున్న మనిషిని వెనక నుంచి ముట్టుకోకూడదని ఆమెకు తెలుసు. ఉలిక్కిపడితే ముందు పోయేది ఆయన కాలే. అందుకని చుట్టూ తిరిగి, ఆయన కంటికి ఎదురుగా ఓ పక్కన నిలబడి రెండు చేతులూ పైకెత్తింది.

ఏసురాజు రంపం మీట మీంచి వేలు తీశాడు. గొలుసు ఆగింది. ఇంజను కూడా ఆపేసి, ఏమిటన్నట్టు చూశాడు. ఏసమ్మ చేలోకి చూపించింది. దూడ మెడ పట్టుకుని వంగి ఉన్న శ్యామలాంబగారిని చూసి ఆయన రంపం నేల మీద దింపేశాడు.

అప్పాజీ దగ్గరికొచ్చి ఇంకా అరుస్తూనే ఉన్నాడు. ఇంజను మోత లేదు. అయినా అప్పాజీ నోరు కదలడం కనిపిస్తోంది తప్ప మాట తెలియడం లేదు. అప్పాజీ కూడా అది గమనించాడు. అరవడం మానేసి, నెమ్మదిగా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"మోతలో ఎవరికి మాత్రం వినబడుద్దండి" అన్నారు తాడు పట్టినవాళ్లు. ఏసురాజుకు మాత్రం తెలుసు, ఇది మోత సంగతి కాదని.

మాను లోపల టప్పుమని చిట్లింది. సగం కోసిన చెట్టును వదిలి వెళ్లడానికి లేదు, చిన్న గాలి వచ్చినా పాక మీదికే పోతుంది. శ్యామలాంబగారు దూడతో ఇవతలికి వచ్చేదాకా ఆగి, భార్యతో, "నువ్విక్కడే నుంచో. నీ మొహం చూసుకుంటూ కోస్తాను" అన్నాడు. ఆమె నిలబడింది. రంపం ఒక్క లాగుకే అందుకుంది. చెట్టు అనుకున్న చోటే, చేలో పడింది.

ఇంటికెళ్లాక ఆయన రంపాన్ని గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టేశాడు. ఫిల్టరు దులపలేదు, పళ్లు పదును పెట్టలేదు. ఎవరు ఫోన్ చేసినా ఏసమ్మే ఎత్తి, ఆయనకు ఒంట్లో బాగాలేదని చెప్పేది.

రాజమహేంద్రవరంలో నర్సుగా చేస్తున్న కూతురు వినీల వచ్చి తండ్రిని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. గాజు గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడితే వేలెత్తమన్నారు. చాలాసేపు ఆయన వేలు లేవలేదు. పోయింది తిరిగి రాదని, మాటలకు చెవి మిషను పెట్టుకోవాలని, ఇక రంపం పడితే మాత్రం చెవులకు మూతలు లేకుండా పట్టకూడదని డాక్టరుగారు చెప్పారు.

మిషను పెట్టుకుని ఇంటికి వచ్చిన రోజు ఏసమ్మ, "అన్నం తింటావా?" అంది.

ఏసురాజు చెవి పట్టుకున్నాడు. "ఎందుకలా అరుస్తావు?"

"మూడేళ్లుగా ఇలాగే అరుస్తున్నానయ్యా. నీకు ఇవాళ తెలిసింది."

ఆయన కంచం ముందు కూర్చుండిపోయాడు. మూడేళ్ల నుంచే ఆమె పనిచోటికి స్వయంగా క్యారేజీ తెస్తోంది. అంతకుముందు పొద్దుటే కట్టించుకుని ఆయనే తీసుకెళ్లేవాడు. వేడిగా తింటావని తెస్తున్నాననేది. ఆయన తిన్నాక కూడా సాయంత్రం దాకా గట్టు మీద కూర్చుని ఉండేది. ఎందుకో ఆయన ఒక్కసారీ అడగలేదు.

"తెలిసీ నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వే దాచుకుంటుంటే నేనేం చెప్పను? సిగ్గుపడతావని ఊరుకున్నా."

వానలు మొదలైన పది రోజులకు శ్యామలాంబగారు తనే ఆటోలో వచ్చింది. లోపలికి వచ్చి, వేసిన కుర్చీలో కూర్చోకుండా, "తప్పు నాది ఏసురాజూ. ఎవరితోనూ చెప్పకుండా వెళ్లాను. నా వల్ల నువ్వు పని మానేస్తే నాకు అన్నం సయించడం లేదు" అంది.

"మీ తప్పేం లేదండి అమ్మగారూ. నాకు వినబడదు. చెప్పకపోవడం నాది తప్పు" అన్నాడాయన. బయటి మనిషితో ఆ మాట అనడం అదే మొదలు.

ఆవిడ ఏసమ్మ వైపు తిరిగింది. "మా దొడ్లో పనసచెట్టు పుచ్చిపోయింది. నువ్వు ఎదురుగా నిలబడితే కోస్తాడా?"

"కోస్తారండి" అంది ఏసమ్మ, ఆయన నోరు తెరిచేలోగా.

ఏసురాజు అటక మీంచి రంపం దింపి తాడు లాగాడు. అంటుకోలేదు. పదిసార్లు, ఇరవైసార్లు లాగాడు. పదకొండేళ్లలో అది అలా మొండికెయ్యడం అదే మొదటిసారి. మెకానిక్ గణేష్‌బాబు కార్బురేటర్ విప్పి, లోపల జిగురులా పేరుకున్నది చూపించాడు. "రెండు నెలలు ట్యాంకులో పెట్రోల్ వదిలేశారేంటండి? మీరు కూడానా?" అన్నాడు. ఏసురాజు తల దించుకున్నాడు. రంపం చెడింది తన వల్లే. అతను కడిగి బిగించి ఇచ్చాక, రెండో లాగుకు గర్రుమంది. ఆ వణుకు అరచేతుల్లోంచి మోచేతుల దాకా పాకుతుంటే, ఆయన మరో నిమిషం పాటు ఊరికే పట్టుకుని నిలబడ్డాడు.

ఇప్పుడు ఇద్దరూ కలిసే వెళ్తున్నారు. చెవి మిషను తీసి ఏసమ్మకు ఇచ్చి, పెద్ద మూతలు పెట్టుకుంటాడు. ఆమె ఎర్రతువ్వాలు పట్టుకుని ఎదురుగా నిలబడుతుంది. తువ్వాలు పైకెత్తితే ఆపాలి, దించితే కొయ్యాలి. చెట్టు పడే వైపు మనుషులు, గొడ్లు, కోళ్లు అన్నీ చూసుకోవడం ఆమె పని. అప్పాజీ కూడా ఆమె మాటకే తాడు బిగిస్తున్నాడు.

మొన్న ఒక ఆసామి చెట్టు కింద కుర్చీ వేసుకుని కదలనన్నాడు. "ఆడమనిషి చెబితే నా దొడ్లోంచి నేను లేవాలా?" అన్నాడు.

"లేవాలండి" అంది ఏసమ్మ. "మీరు లేచేదాకా నేను తువ్వాలు దించను. నేను దించేదాకా ఆయన కొయ్యడు."

ఆసామి ఏసురాజు వైపు చూశాడు. ఏసురాజు రంపం నేల మీద పెట్టి, నడుముకు చెయ్యి ఆన్చి, భార్య మొహమే చూస్తున్నాడు. కాసేపటికి ఆసామి లేచి, కుర్చీ ఎత్తుకుని వీధి అరుగు మీదికి వెళ్లిపోయాడు.