ఆ నటి తల తిప్పిన వైపు

"అమ్మ పోయింది. పొద్దున ఆరింటికి. నాలుగింటికి సమాధి. వదినా, రా."

పోయిన నెలలో ఒక మంగళవారం నా ఫోనులో ఈ మెసేజీ కనిపించింది. రెంటచింతల నుంచి అత్త కూతురు పెట్టింది. ఇంత పెద్ద వార్తకి ఎవరైనా ఫోన్ చేస్తారు. వాళ్లింట్లో చేయరు. తల్లికి వినపడదు కాబట్టి చిన్నప్పటి నుంచీ ఆ పిల్లకి ముఖ్యమైన మాట ఏదైనా రాసి చూపించడమే అలవాటు. తల్లి చావు కూడా అలాగే రాసింది.

హైదరాబాదు నుంచి సాగర్ మీదుగా మాచర్ల చేరి, అక్కడ బస్సు మారి ఊళ్లో దిగేసరికి మూడున్నర. అప్పటికే చర్చి ముందు జనం నిండిపోయారు. సమాధి దగ్గర నిలబడ్డ ఆడవాళ్లలో సగం మంది ఒంటి మీద ఆమె కుట్టిన జాకెట్లే ఉన్నాయి. ఫాదర్ ప్రార్థన చదువుతుంటే నేను వాళ్ల భుజాల మీది కుట్లే చూస్తూ నిలబడ్డాను.

అత్త అంటే రక్తసంబంధం కాదు. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉంది. ఆ గోడ కలిపిన వరస మాది. నన్ను "కోడలా" అనేది, కోపం వస్తే "ఏమే" అనేది. ఇరవై ఏడో ఏట జ్వరమొచ్చి తగ్గాక ఆమెకి వినికిడి తగ్గుతూ వచ్చింది. నరసరావుపేట డాక్టరు నరం దెబ్బతిన్నదని, చేసేదేమీ లేదని చెప్పాడట. మూడేళ్లలో రెండు చెవులూ పూర్తిగా పోయాయి. పెదవులు చూసి మాట తెలుసుకోవడం తనకు తానే నేర్చుకుంది. జాకెట్లు కుట్టేటప్పుడు కుట్టుమిషను మీద ఎడమ అరచెయ్యి ఆనించి ఉంచేది. దారం తెగితే ఆ అదురులో తేడా ఆమె చేతికి తెలిసిపోయేది. తన గొంతు తనకి వినపడదు కాబట్టి ఆమె మామూలుగా మాట్లాడినా వీధి చివరిదాకా వినపడేది. రహస్యం చెప్పాలంటే మాత్రం గొంతు మీద వేలు పెట్టుకుని, అదురు తగ్గేలా చూసుకుని చెప్పేది. నేనూ ఆమె దగ్గర గొంతు వాడేదాన్ని కాదు. ఎదురుగా కూర్చుని ఊరికే పెదవులు కదిలిస్తే చాలు.

తెలుగు సినిమాలు ఆమె ఎందుకు మానేసిందో చెప్పాలి. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక మధ్యాహ్నం మా ఇంట్లో టీవీ చూస్తున్నాం. తెర మీద కథానాయిక కన్నీళ్లు పెట్టుకుని ఏదో చెబుతోంది.

"ఏమే, ఆ పిల్ల ఏమంటంది?" అని అడిగింది అత్త.

"నువ్వు లేకపోతే బతకలేనంటోంది అత్తా."

"కాదే. ఒన్, టూ, త్రీ, ఫోర్ అంటంది. రేపు మళ్లీ ఏస్తారుగా, సరిగ్గా చూడు."

మర్నాడు చూశాను. నిజమే. భాష రాని హీరోయిన్లు షూటింగులో అంకెలు లెక్కపెడతారనీ, తర్వాత వేరెవరో గొంతిస్తారనీ నాకు చానాళ్లకి తెలిసింది. అత్తకి అది మొదటి నుంచీ కళ్లకు కనపడుతూనే ఉంది. "మీకు చెవులుండి మోసపోయారే" అని నవ్వేది.

డిగ్రీ అయ్యాక నేను హైదరాబాదులో జపనీస్ భాష నేర్చుకోవడానికి చేరాను. ఆ భాష వస్తే ఉద్యోగాలున్నాయని ఎవరో చెప్పారు. మొదటి పరీక్షలో తప్పాను. మాటలు విని జవాబు రాయాల్సిన భాగంలో మరీ ఘోరంగా తప్పాను. మే నెలలో ఇంటికొచ్చి, చెవికి అలవాటవుతుందని లాప్‌టాప్‌లో జపాన్ సినిమా ఒకటి పెట్టుకుని వాళ్ల వసారాలో కూర్చున్నాను. రెంటచింతల ఎండల గురించి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఆ పూట గోడ మీద చెయ్యి పెడితే కాలింది. అత్త జాకెట్లకి హుక్కులు కుడుతూ నా భుజం మీదుగా తొంగి చూసింది.

అది ఒక నటి మొదటి సినిమా. పద్దెనిమిదేళ్ల పిల్ల. రేవు ఊళ్లో చేపలు కడిగే ఇంటి ఆడపిల్ల వేషం. మొత్తం సినిమాలో కనపడేది నాలుగు సీన్లు. అత్త సూది ఆపేసింది.

"ఈ పిల్ల చేతులు చూడు. చానా రోజులు నిజంగా ఆ పని చేసింది. చలికి పగిలినయ్. ఏ ఊరు?"

"జపాన్ అత్తా. ఆమె అసలు వయసు నీ అంతే ఉండిద్ది. పాత సినిమా ఇది."

"అయితే నా ఈడుదే." సినిమా అయ్యేదాకా హుక్కులు ముట్టుకోలేదు.

ఆ రోజు నుంచి ఆమెకి ఆ నటి తప్ప ఇంకెవరూ అక్కర్లేకపోయింది. నేను వెతికి వెతికి తెచ్చేదాన్ని. మొదటి సినిమా తర్వాత ఆ నటికి టీవీలో ఒక సీరియల్ వచ్చింది. అక్కడ రోజూ పొద్దున పావుగంట వచ్చే సీరియళ్లుంటాయి, దేశమంతా పనికి పోయే ముందు చూస్తుంది. అందులో ఆమె తండ్రి పోయాక చిన్న హోటలు నడిపే పిల్ల. దాంతో ఆమె మొహం తెలియని ఇల్లు లేకుండా పోయింది. నేను ఆ భాగాలన్నీ అత్త ఫోనులో వేసి ఇచ్చాను. ఒకేసారి చూసేస్తుందనుకున్నాను. లేదు, పొద్దున టీ తాగుతూ ఒక్కటి చూసి, ఫోను మూసి, మిషనెక్కేది.

"ఇంకోటి చూడు అత్తా, బాగుందిగా."

"రేపటిది రేపే. వాళ్లూ అట్టాగే చూశారు గదా."

అలా ఆర్నెల్లు పట్టింది. మాటలకి అర్థం తెలియదు, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదవలేదు. అయినా కథ నాకంటే బాగా చెప్పేది. ఒకచోట ఆ పిల్ల వంటవాడితో నవ్వుతూ మాట్లాడుతుంది. చక్కగా మాట్లాడుకుంటున్నారని నేనన్నాను. "ఎహె, పనిలో నించి తీసేస్తంది వాణ్ణి" అంది అత్త. తర్వాతి భాగంలో అతను సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. "నువ్వు మాట కోసం చూస్తన్నావు. ముందు మొహం చూడు, తర్వాత మాట విను," అని నాకు చెప్పింది. రెండోసారి పరీక్షలో మాటలు వినే భాగం గట్టెక్కానంటే అది ఆ వసారాలో నేర్చుకున్నదే.

సీరియల్ తర్వాత ఆ నటి పెద్ద సినిమాలు చేసింది. ఒకదాంట్లో కత్తి పట్టే వీరుడి భార్య. భర్త యుద్ధానికి పోతుంటే చెప్పులు సర్ది పెట్టడం తప్ప ఆ సీనులో ఆమెకి పనేమీ లేదు. ఆ సినిమాకే ఆమెకి అవార్డులొచ్చాయి. అత్త ఆ చెప్పుల సీను మళ్లీ మళ్లీ వేయించుకుని చూసింది. తర్వాత పెళ్లి చేసుకుని ఆ నటి ఎనిమిదేళ్లు తెర మీదికి రాలేదు. తిరిగొచ్చేసరికి పెద్ద వేషాలు వేరేవాళ్లకి వెళ్లిపోయాయి. పక్కింటావిడ, డాక్టరు తల్లి, పోలీసు సీరియళ్లలో ఒక్క రోజు సాక్షి, ఇవీ ఆమెకి దొరికినవి. నాకు జాలేసింది. అత్త ఒప్పుకోలేదు.

"చిన్న వేషమైతే ఏంది, మొహం ఎంత ఎదిగిందో చూడు. అప్పుడు అందంగా ఉండేది. ఇప్పుడు నిజంగా ఉంది."

ఈ చిన్న వేషాలు చూస్తున్న రోజుల్లోనే ఒక ఆదివారం, చర్చిలో పూజ నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా నన్ను గోడ దగ్గరికి పిలిచింది. గొంతు మీద వేలు పెట్టుకుంది. అంటే రహస్యం.

"కోడలా, మనామెకి ఎడం చెవి వినపడట్లా."

నేను నవ్వాను. "అది నటన అత్తా. వేషం అట్టాంటిదేమో."

"మూడు కథలు. ముగ్గురు వేరే ఆడోళ్లు. ముగ్గురికీ ఒకటే చెవి పోయిద్దా?"

ఆమె ఒక్కొక్కటీ చూపించింది. ఆ నటి ఎవరితో నడిచినా వాళ్లు తన కుడి వైపు ఉండేలా చూసుకుంటోంది. బల్ల దగ్గర కూర్చుంటే ఎడమ చివర కూర్చుంటోంది. ఒక ఆసుపత్రి వరండా సీనులో కూతురు ఎడమ పక్క తలుపులోంచి పిలుస్తుంది, ఆ పిల్ల పెదవులు కదలడం మనకి కనపడుతుంది. తల్లి వేషంలో ఉన్న ఆమె ముందు, వినపడే చెవి ఉన్న కుడి వైపు తిరిగి, వెంటనే ఎడమకి తిరుగుతుంది. రెప్పపాటు. కంగారుపడ్డ తల్లి అలాగే చేస్తుందని నేననుకున్నాను. జపాన్‌లో చూసినవాళ్లూ అదే అనుకుని ఉంటారు.

"ఎవరికీ చెప్పమాక. పనులు పోతయ్ ఆమెకి," అంది అత్త. రెంటచింతలలో నేను ఎవరికి చెబితే అక్కడ ఆమె పని పోతుంది? ఆ మాటే అన్నాను. "అయినా సరే, చెప్పమాక," అంది.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. ఏళ్లు గడిచాయి. రెండేళ్ల కిందట ఒక పొద్దున ఆఫీసులో జపాన్ వార్తలు చదువుతుంటే ఆ నటి ఇంటర్వ్యూ కనపడింది. తిరిగి నటించడం మొదలుపెట్టిన కొత్తలో హఠాత్తుగా ఎడమ చెవి వినికిడి పోయిందనీ, తెలిస్తే వేషాలివ్వరని ఇన్నేళ్లూ దాచాననీ, తన మేకప్ మనిషికి తప్ప ఎవరికీ తెలియదనీ ఆమె చెప్పింది.

సెలవు పెట్టి మర్నాడే బస్సెక్కాను. అత్త మిషను దగ్గర ఉంది. ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆమె గెలిచినట్టు నవ్వుతుందనుకున్నాను. మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. కళ్లు నిండాయి.

"ఒక్కత్తే మోసింది పాపం," అంది. ఎప్పుడూ చెప్పని మాట చెప్పింది. "నేనూ దాచా. ఏడాది పైన."

పెళ్లికి ముందు నుంచీ ఆమె చర్చి పాటల బృందంలో ముందు వరసలో పాడేదట. చెవులు పోతున్న కొద్దీ పక్కవాళ్ల పెదవులు చూసి పాడింది. శ్రుతి తప్పుతోందని ఎవరో మొహం తిప్పుకోవడం చూసి, గొంతు తీసేసి ఊరికే నోరు కదిపింది. పాట మీద ఆశ చావలేదు, ఆ వరసలోంచి దిగడానికి మనసు రాలేదు.

"ఒక ఆదివారం పాట మధ్యలో కరెంటు పోయి మైకులు ఆగితే హార్మోనియం ఆయన ఆపాడంట. అందరూ ఆపారంట. నేను కళ్లు మూసుకుని ఉన్నా. తెరిచేసరికి అందరూ నన్నే చూస్తన్నారు. నా నోరొక్కటే ఆడతంది. సప్పుడు లేకండా." చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ రోజు దిగొచ్చి మిషనెక్కినా. ఆమె దిగలా. చూడు, ఆమె దిగలా!"

ఆ చివరి మాట వీధంతా వినపడింది.

"ఆమెకి రాయి," అంది అప్పుడే. నేను కాగితం తీశాను. ఆమె చెప్పింది ఇంతే: "అమ్మా, నేను జాకెట్లు కుట్టుకుంటా. నాకు రెండు చెవులూ లేవు. నీకు ఒకటి లేదని నాకు ముందే తెలుసు. ఎవరికీ చెప్పలా. బాగా చేశావు. ఇంక దాచమాక." జపనీస్‌లో ఒక పెద్ద నటికి ఇంత చనువుగా రాయకూడదు కాబట్టి మర్యాద మాటలన్నీ చేర్చి రాశాను. అత్త ఆ పేజీ చూసి, "నేను చెప్పింది ఇంత లేదే" అంది.

ఆ నటి పనులు చూసే సంస్థ చిరునామాకి పంపాం. నేను ఆశ పెట్టుకోలేదు. ఐదు నెలలకి రెంటచింతల పోస్టులో ఒక కార్డు వచ్చింది. అత్త కూతురు ఫొటో తీసి పంపింది. చేతిరాత, మూడే వాక్యాలు. "చాలా జాగ్రత్తగా ఉన్నాననుకున్నాను. ఏ సీనులో కనిపెట్టారు? దయచేసి చెప్పండి."

తెలుగు చేసి పంపితే అత్త వీడియో కాల్ చేసింది. పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"చూశావటే! కుట్టు ఏడ తప్పిందని అడగతంది. పనొచ్చినోళ్లే అట్టా అడిగేది!"

ఆసుపత్రి వరండా సీను గురించి రాసి పంపాం. రెండో కార్డు తొందరగానే వచ్చింది. ఆ సీను మళ్లీ వేసుకుని చూశాననీ, మీరు చెప్పింది నిజమేననీ, ఆ తల తిప్పడాన్ని దర్శకుడు ఎంతో మెచ్చుకుంటే నిజం చెప్పకుండా వంగి దండం పెట్టి వచ్చేశాననీ రాసింది. ఆ రెండు కార్డులూ అత్త పెట్టెలో, కొలతల పుస్తకంలో ఉన్నాయి.

నేను ఆ భాష చదివాను, దాంతోనే బతుకుతున్నాను. అత్త నరసరావుపేట దాటి పోలేదు. సముద్రాల అవతల ఒక మనిషి ఇంటిల్లిపాదికీ తెలియకుండా దాచుకున్నది ఈ వసారాలో కూర్చుని చూడగలిగింది. అత్తకి మాత్రం అది పెద్ద విషయం కాదు. "చూస్తే కనపడిద్ది" అనేది.

చివరిసారి ఆమెని చూసింది ఈ వేసవిలో. గుండె జబ్బుతో బాగా చిక్కిపోయింది. మంచం మీద దిండ్లకి ఆనుకుని, కిటికీకి వీపు పెట్టి నన్ను చూస్తూ కూర్చుంది. నా కూతురు బడి సంగతులేవో చెబుతున్నాను. ఉన్నట్టుండి పైన రేకుల మీద నాలుగు చినుకులు పడ్డాయి. నెలన్నర ఎండల తర్వాత మొదటి చినుకులు. నేను మాట ఆపలేదు, తలెత్తి పైకి చూడలేదు. ఏమీ చేయలేదనే అనుకున్నాను.

అత్త చెయ్యెత్తి నన్ను ఆపింది. నా మొహంలోకి ఇంకాస్త పరీక్షగా చూసింది.

"వాన," అంది. "మొదలైంది గదా?"

తలూపాను. పట్టుకో అన్నట్టు చెయ్యి చాచింది. గుమ్మం దాకా నడిపించాను. రేకుల మీద మోత పెరిగి పెద్దదైంది. అత్త ఒక చెయ్యి తలుపు చెక్క మీద ఆనించి, రెండో అరచెయ్యి బయట చినుకుల్లోకి చాపి, వీధి వైపు చూడకుండా నా మొహం వైపే తిరిగి, నవ్వుతూ నిలబడింది.