శనివారం అరగంట

వారంలో మిగతా రోజుల్లో ఎడ్విన్ ముఖం చూస్తే పొద్దున్నే ఎవరితోనో పోట్లాడి వచ్చాడనిపించేది. శనివారం మాత్రం నంద్యాల బస్టాండులో అతనంత హుషారైన మనిషి ఇంకొకడు ఉండేవాడు కాదు. అహోబిలం పోయే భక్తులు సీట్ల కోసం కిటికీల్లోంచి తువ్వాళ్లు విసురుతుంటే, ఆదివారం చర్చికి పోయే ఈ ఎడ్విన్ కూడా వాళ్లతో పోటీపడి జేబురుమాలు విసిరేవాడు. కాకపోతే భక్తులు స్వామి దగ్గరికి పోయేవారు, అతను దారిలో ఆళ్లగడ్డలో దిగిపోయేవాడు.

నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీ ఉండేది. తొంభైల మొదట్లో అతను అందులో టైపిస్టుగా చేరాడు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు తోటివాళ్లు భయపడి దూరం జరిగితే, అతను దగ్గరికి జరిగాడు. అలా జరిగి జరిగి కంపెనీ సర్వర్లన్నిటికీ పెద్దదిక్కయ్యాడు. సర్వర్లంటే ఏం లేదు, కంపెనీ లెక్కలన్నీ కడుపులో పెట్టుకుని రాత్రీపగలూ హోరుమంటూ తిరిగే పెద్ద కంప్యూటర్లు. ఐదు నంద్యాల ఆఫీసులో, ఆరోది ఆళ్లగడ్డ బ్రాంచిలో. పెళ్లయిన నాలుగేళ్లకే భార్య ఎలిజబెత్ జ్వరంతో పోయింది. పిల్లల్లేరు. చర్చి వెనక అద్దె గదిలో ఒక్కడే వండుకుని తినేవాడు. ఆ గదిలో అతనితో మాట్లాడేది ఏదన్నా ఉందంటే అది కుక్కరు విజిలే.

ఆళ్లగడ్డ మిషనుకు మొదట్లో ఒక జబ్బుండేది. వారం తిరిగేసరికి బిగుసుకుపోయేది. దాన్ని శనివారం ఆపి మళ్లీ వెయ్యాలి. వేశాక అది తనను తాను తడిమి చూసుకుని లేవడానికి అరగంట పట్టేది. ఆ అరగంటా బిల్లులు రావు. బిల్లులు కొట్టే శాంతమ్మకు చేతులు కట్టుకుని కూర్చోవడం తప్ప పని ఉండదు. ఆమెది గడివేముల. మిషన్ స్కూల్లో పంతులుగా చేసిన భర్త పోయాక ఈ ఉద్యోగంలో చేరింది. ఒక శనివారం ఆమె ఊరికే కూర్చోలేక క్యారియరు విప్పి, "సంగటి తింటారా సార్?" అని అడిగింది. ఎడ్విన్ మొహమాటానికి వద్దన్నాడు. ఆమె రెండోసారి అడగకుండానే పెట్టేసింది.

అప్పటినుంచీ శనివారం క్యారియరులో ఒక గిన్నె ఎక్కువ ఉండేది. సంగటి, నంజుకోవడానికి ఊరిబిండి పచ్చడి, ఒక్కోసారి గోంగూర. తింటూ మాట్లాడుకునేవాళ్లు. మాటలంటే పెద్ద మాటలేం కావు. ఆమె అన్నల శెనగ చేను, కొత్త పాస్టరుగారి పొడుగాటి ప్రసంగం, ఉల్లిగడ్డ ధర. అరగంట తర్వాత మిషను లేచేది, ఆమె బిల్లుల్లో పడేది, అతను బస్సెక్కేవాడు.

రెండేళ్లకు కొత్త మెమరీ వేస్తే ఆ జబ్బు పూర్తిగా పోయింది. ఆ సంగతి ఎడ్విన్ ఎవరికీ చెప్పలేదు. శనివారం వచ్చేసరికి సంచీ భుజానికేసుకుని "ఆళ్లగడ్డ మిషను ఆపి వెయ్యాల" అని బయల్దేరేవాడు. ఇది మోసమా అంటే మోసమే. అయితే ఎవరి సొమ్మూ తినలేదు గనక దేవుడు చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాడని సర్దిచెప్పుకునేవాడు.

2008లో మహేశ్ వచ్చాడు. మిడుతూరు కుర్రాడు, హైదరాబాదులో ట్రైనింగయి వచ్చాడు. వస్తూ వస్తూనే ఒక్క పెద్ద మిషను తెప్పించి, నంద్యాల సర్వర్లు ఐదింటినీ అందులోకి ఎక్కిస్తానన్నాడు.

"ఒక ఒరలో రెండు కత్తులే ఇమడవంటారు. ఒక డబ్బాలో అయిదు సర్వర్లు యాడ ఇముడుతాయప్పా?" అన్నాడు ఎడ్విన్.

"ఒకే ఇంట్లో అయిదు కాపరాలనుకోన్నా. ఎవరి పొయ్యి వాళ్లదే. ఒకరి గోల ఇంకొకరికి వినపడదు."

"ఇల్లు కూలితే?"

"కూలితే ఉండేదానికి పక్కన ఇంకో ఇల్లు కట్టుకుంటాం. నువ్వు ఊరికే అపశకునం పలకొద్దు."

ఆ రోజు మొదలు ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. మహేశ్ మధ్యాహ్నం మిషను ఆపుతానంటే ఎడ్విన్ సాయంత్రమనేవాడు. ఎడ్విన్ పాస్‌వర్డులు రేపు ఇస్తాననేవాడు, ఆ రేపు వారమయ్యేది. ఆఫీసులో తక్కినవాళ్లు, ముసలాయనకు ఉద్యోగం పోతుందని భయం పట్టుకుందని గుసగుసలు పోయారు. నలభై ఆరేళ్లకే ముసలాయనయ్యాడు పాపం. ఎంత అడ్డం పడినా కొత్త నీరు రానే వచ్చింది. ఐదు పాత మిషన్లూ ఒకటి తర్వాత ఒకటి ఆగిపోయి గది మూలకు చేరాయి. వాటికోసం ఎడ్విన్ అంతగా బాధపడలేదు. మహేశ్ ఆరోదాని పేరెత్తిన రోజు మాత్రం అతని గుండెలో రాయి పడింది.

మేనేజరు నారాయణ గదిలో ముగ్గురూ కూర్చున్నారు. "ఆళ్లగడ్డది కూడా ఈడికే తెచ్చేద్దాం సార్. నెట్టు లైను మంచిదే పడింది," అన్నాడు మహేశ్.

"అది మొండి మిషను సార్. వారానికోసారి చెయ్యి పడకుంటే ఆగిపోతాది," అన్నాడు ఎడ్విన్.

"ఎందుకాగుతాదన్నా? కారణమేంది?"

ఎడ్విన్ గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. "ఎందుకంటే... పాతది గదప్పా."

మహేశ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "సరే, ఒక నెల దాన్నెవరూ ముట్టుకోవద్దు. ఆగిపోయిందంటే నువ్వు చెప్పిందే నిజం, ఆడే ఉంచుదాం. ఆ రోగమంతా తెచ్చి మంచి మిషన్‌కు అంటించుకోం. నడిచిందంటే తెచ్చేద్దాం." న్యాయంగానే ఉందన్నాడు నారాయణ. న్యాయంగా ఉంది కాబట్టే ఎడ్విన్‌కు కాదనడానికి నోరు రాలేదు.

మొదటి శనివారం నంద్యాలలో అతనికి ఏం చేయాలో తోచలేదు. హోటల్లో అన్నం తిన్నాడు. సర్వరు గదిలోకి పోతే అక్కడా పాత హోరు లేదు, ఒకే ఒక్క మిషను సన్నగా బుసకొడుతోంది. ఎంతమందిలో ఉన్నా తనకంటూ ఎవరూ లేరన్న సంగతి అతనికి ఆ రోజు తెలిసినంతగా భార్య పోయినప్పుడు కూడా తెలియలేదు. మర్నాడు చర్చిలో అందరూ వానల కోసం ప్రార్థన చేస్తుంటే అతను కళ్లు మూసుకుని, "ప్రభువా, ఆ మిషను ఒక్కసారి ఆగిపోనీ," అని అడిగాడు. అడిగినందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే తర్వాతి ఆదివారం మళ్లీ అడిగాడు.

మూడో శనివారం ఆళ్లగడ్డనుంచి ఫోనొచ్చింది. మిషను ఆగిపోయింది.

మహేశ్, అతనూ కంపెనీ జీపులో బయల్దేరారు. శిరివెళ్ల దాటేదాకా ఎడ్విన్ నవ్వు దాచుకోవడానికి బయటికే చూస్తూ కూర్చున్నాడు. "చెప్తే వింటివా?" అని ఒక్కసారి మాత్రం అన్నాడు.

బ్రాంచిలో మిషను చల్లగా ఉంది. మహేశ్ దాని వెనక్కి వంగి, వైరు పట్టుకుని గోడదాకా పోయాడు. ప్లగ్గు ఊడి కింద పడి ఉంది.

"ఎవరు పీకింది దీన్ని?" అన్నాడు.

బ్రాంచి మేనేజరు పుల్లయ్య ముఖం ఎర్రబడింది. "పొద్దున్నుంచి రైతులు ఎండలో నిలబడుండారు! ఎవరు ముట్టుకున్నారో బయటికి రావాల. ఈ పొద్దుతో వాళ్ల ఉద్యోగం ఆఖరు!"

ఆ గదిలో ఉన్నది ఒక్క బల్లే. ఆ బల్ల వెనక శాంతమ్మ తలొంచుకుని నిలబడి ఉంది. బల్ల మీద ఆమె క్యారియరుంది. రోజూ తెచ్చే చిన్నది కాదు, శనివారంది. ఎవరూ రాని శనివారం ఎవరికోసం తెచ్చిందో ఆ గదిలో ఒక్క ఎడ్విన్‌కే అర్థమయింది. తనను ఇంకో మనిషి తలుచుకుంటుందని, తలుచుకుని ఇంత పనికి తెగిస్తుందని అతను ఏనాడూ అనుకోలేదు. నోరు మూసుకుంటే ఆమె ఉద్యోగం పోతుంది. నోరు తెరిస్తే, తన చెయ్యి పడితేనే మిషను ఆగుతుందని తేలి శనివారాలు పోతాయి.

"నేనే పుల్లయ్యన్నా," అన్నాడు. "పోయినసారి వచ్చినప్పుడు ప్లగ్గు సరిగ్గా నొక్కకుండా పోయినా. ఎలుక తగిలినా ఊడేటట్టుండె. తప్పు నాది."

పుల్లయ్య నోటికొచ్చినవి నాలుగు అన్నాడు. ఎడ్విన్ పడ్డాడు. మహేశ్ ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. మిషను లేవడానికి అరగంట పట్టింది గానీ, ఆ అరగంటలో ఎవరూ క్యారియరు విప్పలేదు. పోయేటప్పుడు ఎడ్విన్ వెనక్కి చూస్తే శాంతమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

తిరిగొచ్చేటప్పుడు జీపులో మహేశ్ అన్నాడు. "ప్లగ్గు వదులుగా పెట్టే మనిషివి కాదన్నా నువ్వు."

"పొరపాటు ఎవరికి జరగదప్పా."

"అందుకే మిషన్లు ఊళ్లల్లో ఉండగూడదనేది."

"తెచ్చెయ్యి," అన్నాడు ఎడ్విన్.

తెచ్చేశారు. ఆళ్లగడ్డ ఇప్పుడు నంద్యాలలో ఎడ్విన్ తెర మీద ఒక పేరు, పక్కన నడుస్తోందని చెప్పే పచ్చ చుక్క. ఆ శనివారం అతను అలవాటుగా బస్టాండుదాకా పోయాడు. కండక్టరు ఆళ్లగడ్డ, ఆళ్లగడ్డ అని అరుస్తున్నాడు. ఏ పనీ లేకుండా పోయి, భర్తలేని ఆడమనిషి బల్లముందు కూర్చుంటే ఊరు ఊరుకుంటుందా? లోకులు కాకులు. వాళ్లనేది తనను కాదు, ఆమెను. బస్సు కదిలిపోయేదాకా నిలబడి, వెనక్కి వచ్చాడు.

ఆ పై శనివారం, సరిగ్గా తను ఆళ్లగడ్డ చేరే వేళకు, ఎడ్విన్ ఆ పేరు మీద నొక్కి మిషనును ఆపి మళ్లీ వేశాడు. దానికే జబ్బూ లేదు. బల్ల మీద ఫోను మోగింది.

"సార్, మిషను ఆగిపోయినాది."

"నేనే ఆపినా శాంతమ్మా. శనివారం గదా."

అవతల క్యారియరు మూత తీసిన చప్పుడైంది.

"తిన్నారా సార్?" అంది.

"ఇంకా లేదు. ఏం తెచ్చినావు?"

"సంగటే. గోంగూర నూరినా. ఆ పొద్దు మీరట్ల చెప్పకుంటే..." అని ఆగింది. "అయ్యో, మిషను వచ్చేసినాది సార్. రైతులు నిలబడుండారు."

"సరేమ్మా. బిల్లు కొట్టు."

ఫోను పెట్టేసినా అతని చెయ్యి దానిమీదే ఉంది. వెనకనుంచి పోతున్న మహేశ్ తెర మీద పచ్చ చుక్క మళ్లీ వెలగడం చూసి నిలబడ్డాడు. ఎందుకు ఆపావని అడగలేదు. ముచ్చటగా నవ్వాడు.

"చూస్తివా అన్నా? పాతదైతే అరగంట. ఇదెంత బేగా లేచిందో!"

"అవునప్పా," అన్నాడు ఎడ్విన్. "శానా బేగా లేస్తాది."